మళ్ళీ సాలిగ్రామంలోనే ఇల్లు దొరికింది, అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మాకు ఇల్లు దొరికింది. పాత వీధికి రెండు వీధుల అవతల, చెన్నై సాలిగ్రామంలోనే. శ్రావణ శుక్రవారం పూట పాలు పొంగించాం, మర్నాటికి కుట్టుమిషన్లు కూడా వచ్చి చేరాయి. ఇన్నాళ్ళూ కనిపించినప్పుడల్లా "అక్కా, ఇంటి సంగతేమైంది?" అని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పడం అయ్యే పని కాదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

తెలియనివాళ్ళ కోసం ముందు మా సంగతి. మా నాన్నగారు తెనాలి వైపు నుంచి మద్రాసు వచ్చి విజయా-వాహినీలో కాస్ట్యూమ్స్ పనిలో కుదిరారు. తెలుగు సినిమా హైదరాబాదు వెళ్ళిపోయినా ఆయన వెళ్ళలేదు. ఆ స్టూడియో వైపు ఇప్పుడు చూస్తే ఆసుపత్రి, హోటలు, మాలు. ఆయన నేర్పిన కుట్టుపనే ఇవాళ్టికీ మాకు అన్నం పెడుతోంది. జాకెట్లు, లంగా ఓణీలు, కొంచెం మగ్గం వర్కు. ఇంట్లో అమ్మ, నేను, ప్లస్ టూ చదువుతున్న మా అమ్మాయి.

మేం అద్దెకున్న బిల్డింగు 80లలో కట్టినది. ఎనిమిది ఫ్లాట్లు, లిఫ్టు లేదు, వానాకాలం మెట్ల దగ్గర గోడ చెమ్మెక్కేది. ఎండాకాలం మొదట్లో మా ఓనరమ్మగారి అబ్బాయి వచ్చి, బిల్డరుకి జేవీకి (కూల్చి కట్టి వాటాలు పంచుకునే ఒప్పందానికి) ఇచ్చేశామని, ఖాళీ చేయాలని చెప్పాడు. మంచిగానే చెప్పాడు, అందులో ఆయన్ని అనడానికేం లేదు. ఇలాంటి పాత బిల్డింగుల్లో ఒకప్పుడు ఒక్క ఓనరు మొండికేసినా పని కదిలేది కాదు. 2022లో తమిళనాడు తెచ్చిన అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం ప్రకారం మూడింట రెండొంతుల మంది ఓనర్లు ఒప్పుకుంటే కూల్చి కట్టుకోవచ్చు. మా ఎనిమిదిలో ఆరుగురు సరేనంటే చాలు. వాళ్ళ యూడీఎస్‌కి అంటే స్థలంలో వాళ్ళ వాటాకి తగ్గట్టు కొత్త ఫ్లాటు వస్తుంది, కట్టే రెండు మూడేళ్ళూ బయట ఉండడానికి అద్దె బిల్డరే ఇస్తాడు, సామాను తరలించే ఖర్చు కూడా ఇస్తాడు. అద్దెకున్నవాళ్ళ ప్రస్తావన ఆ కాయితాల్లో ఎక్కడా ఉండదు.

ఇక్కడొక తిరకాసుంది, ఇల్లు వెతుక్కునేటప్పుడే అర్థమైంది. అలా బయటికొచ్చే ఓనర్లు కూడా పిల్లల స్కూలు, గుడి, డాక్టరు దగ్గర్లో ఉండాలని అదే వీధుల్లో అద్దె ఇల్లు వెతుకుతారు. అద్దె బిల్డరు జేబులోంచి పోతుంది కాబట్టి పెద్దగా బేరం ఆడరు. ఒక వీధిలో రెండు బిల్డింగులు ఒకేసారి పడగొడితే పదహారు కుటుంబాలు రోడ్డు మీద పడతాయి, ఉన్న ఇళ్ళేమో తగ్గుతాయి. దీనికి తోడు మెట్రో. 2015 జూన్‌లో వడపళని స్టేషను తెరిచినప్పటి నుంచే అద్దెలకు రెక్కలొచ్చాయి. తరవాత ఆర్కాడు రోడ్డు మీదుగా రెండో దశ పనులు మొదలయ్యాయి. రైలు ఇంకా రాకముందే టు-లెట్ బోర్డులకు వచ్చేసింది. దుమ్ము మింగినది మేము, "నియర్ మెట్రో" అని రాసి రేటు పెంచింది వాళ్ళు.

మేం కట్టే అద్దె 12,000. అదే సైజు ఇంటికి బయట 24,000, 26,000 చెప్పారు. పైగా ఐటీ వాళ్ళకే ఇస్తామనేవాళ్ళు కొందరు, మాంసం తినేవాళ్ళకు ఇవ్వమనేవాళ్ళు కొందరు. మిషన్లున్నాయంటే చాలు, ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ళు కమర్షియల్ మీటరంటారని, చప్పుడని తలుపేసేవాళ్ళు మిగతావాళ్ళు. బ్రోకరైతే మాంగాడు, కుండ్రత్తూరు వైపు వెళ్ళమని తేలిగ్గా చెప్పేశాడు. అక్కడ అద్దె తక్కువే, కాదనను. కానీ జాకెట్టు సరిచేయించుకోవడానికి వడపళని నుంచి మాంగాడు ఎవరొస్తారు? నాకు ఇల్లు మారడమంటే గిరాకీలందరినీ వదులుకోవడమే. పబ్లిక్ పరీక్షల ఏడాది పిల్ల రోజూ రెండు బస్సులు మారాలి. అమ్మకు బీపీ పెరిగితే నడిచి వెళ్ళే దూరంలో డాక్టరు ఉండడు. ఇదంతా తలచుకుంటే రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్.

ఇక థాంక్స్ చెప్పాల్సినవాళ్ళు.

అందరికంటే ముందు మా కింద ఫ్లాటు సార్. తాలూకా ఆఫీసులో క్లర్కుగా రిటైరయ్యారు, ఆయనా మాలాగే అద్దెకున్నవారే. నేను కోర్టు, స్టే అంటూ ఎవరో చెప్పిన మాటలు మోసుకుని వెళ్తే ఆయన కుర్చీ చూపించి కూర్చోబెట్టారు. పాత అద్దె చట్టం పోయిందనీ, దాని స్థానంలో 2017 చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉందనీ, కూల్చి కట్టడానికి ఖాళీ చేయమనడం అందులో చెల్లే కారణమేననీ విడమర్చి చెప్పారు. "పోట్లాడితే ఇల్లు నిలవదమ్మా, అడ్వాన్సూ గడువూ గురించి మాట్లాడు, అవి నిలుస్తాయి" అన్నారు. ఎవరూ అంత సూటిగా చెప్పలేదు నాకు. ఖాళీ చేసిన నెలలోపు బాకీలేమైనా ఉంటే మినహాయించుకుని అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని అదే చట్టంలో ఉందట. దాన్ని చూపిస్తూ మర్యాదగా ఒక ఉత్తరం రాసిచ్చారు. నా చేత తెలుగులో చదివించి, తరవాత తమిళంలోకి మార్చారు.

ఆ ఉత్తరం పట్టుకుని వెళ్ళిన రోజు సంగతి చెప్పి తీరాలి. ఓనరమ్మగారి అబ్బాయి లెక్క వేస్తూ, అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పెయింటింగుకి పట్టుకుంటానన్నాడు. చెన్నైలో అందరూ పట్టుకునేదే, మాకూ తెలుసు. నేను సరేనని తల ఊపబోతుంటే సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "ఇడిక్క పోర సువత్తుక్కు పెయింటా, సార్?" అన్నారు. పడగొట్టబోయే గోడకు రంగేమిటి మరి! లోపలి గదిలోంచి ఓనరమ్మగారు పకపకా నవ్వారు. ఆ నవ్వుతో పెయింటింగు ఖర్చు ఎగిరిపోయింది.

ఓనరమ్మగారికీ థాంక్స్, మనస్ఫూర్తిగా. అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళకు ఈ బాధ తెలుస్తుంది: పాత ఇంటి అడ్వాన్సు ఖాళీ చేశాకే వస్తుంది, కొత్త ఇంటి అడ్వాన్సేమో ఖాళీ చేయకముందే కట్టాలి. మధ్యలో ఆ డబ్బు ఎక్కణ్ణించి తేవాలి? ఆవిడ మా అడ్వాన్సు 80,000 మేం ఇంకా ఆ ఇంట్లో ఉండగానే బ్యాంకులో వేయించారు. చట్టం ఆవిణ్ణి అంతవరకు అడగదు. కొడుకు గొణుక్కున్నాడు, ఆవిడ వినిపించుకోలేదు.

ఇల్లు చూపించింది బ్యాంకు మేడం. ఆవిడ జాకెట్లు నేను చాలా ఏళ్ళుగా కుడుతున్నాను. వాళ్ళ చిన్నత్తగారి మేడ మీద పోర్షను ఖాళీ అయితే బోర్డు పెట్టనివ్వకుండా ఆపారు. బోర్డు పెట్టి ఉంటే సాయంత్రానికి బ్రోకర్లు రేటు పెంచేసేవాళ్ళు. ఆ పాటి (తమిళంలో బామ్మ అని) నన్ను పిలిచి అడిగింది మూడే ప్రశ్నలు. రాత్రి ఎన్నింటిదాకా మిషను తొక్కుతావు, నీళ్ళ మోటరు కట్టేయడం మరిచిపోతావా, నా జాకెట్టు చంకలో పట్టేస్తోంది సరిచేస్తావా. అద్దె 17,000. అడ్వాన్సు మూడు నెలలది, చట్టంలో ఉన్న లెక్కే.

ముహూర్తం దగ్గర మాత్రం నవ్వొచ్చింది. మన ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చింది కానీ తమిళుల ఆడి మాసం ఇంకా నడుస్తోంది. ఆడిలో ఇక్కడివాళ్ళు కొత్తింట్లో కాలుపెట్టరు, అందుకే ఆ పోర్షను మరొకరు ఎగరేసుకుపోలేదు. పాటి "మీకు మంచిదైతే నాకు అభ్యంతరం లేదు" అనేసింది. పంచాంగం మాకు ఇంత పనికొస్తుందని అనుకోలేదు!

మధ్యలో రెండు వారాలు మిషన్లకు చోటు లేకపోతే మెస్ బాబాయి తన స్టోరు రూములో పెట్టించుకున్నారు. బియ్యం బస్తాల పక్కన కూర్చుని వరలక్ష్మీ వ్రతం జాకెట్లు కుట్టాను. కొన్ని జాకెట్లకు సాంబారు వాసన వస్తోందని ఎవరైనా అనుకుని ఉంటే కారణం అదే. అద్దె అడిగితే ఆయన "ఒంగోలు వాణ్ణి, తెనాలి ఆడపడుచు దగ్గర తీసుకుంటానా" అని కసిరారు.

ఇక మా లైట్‌మెన్ అన్నలు. నాన్నగారి కటింగ్ టేబులు స్టూడియో రోజులది, టేకుది, అంచు పొడుగునా ఆయనే అంగుళాల గీతలు చెక్కారు. టేపు లేకుండా ఆ గీతల మీదే గుడ్డ కొలుస్తాను నేను. కొత్తింటి మెట్ల మలుపులో అది తిరగలేదు. కోళ్ళు ఊడదీద్దామంటే పాత మేకులు, చెక్క చీలుతుందని భయం. వ్యానువాడు కోయించేయమన్నాడు. అప్పుడు వీధిలో ఉండే ఇద్దరు అన్నలు, జీవితమంతా ఫ్లోర్లలో పైకెక్కి పెద్ద పెద్ద లైట్లు కట్టినవాళ్ళు, మోకులు తెచ్చారు. టేబులుకు పాత దుప్పట్లు చుట్టి, నాలుగు వైపులా ముళ్ళు వేసి, బాల్కనీ పిట్టగోడకు గోనెసంచి పరిచారు. ఒకరు పైన, ఒకరు కింద. కింద ఉన్నాయన చెయ్యెత్తి సైగ చేస్తే తప్ప పైనున్నాయన జానెడు కూడా లాగలేదు. కరెంటు తీగల పక్కనుంచి టేబులు నెమ్మదిగా తిరుగుతూ పైకి వెళ్తుంటే మా అమ్మ కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం చదివింది. ఒక్క గీత పడలేదు. ఇద్దరూ డబ్బు పుచ్చుకోలేదు. కాఫీ తాగి, ఒకాయన మనవరాలికి పట్టులంగా కుట్టమని అడిగారు. అది పూర్తయింది అన్నా, వచ్చి తీసుకెళ్ళండి.

కొత్తింటికి అగ్రిమెంటు రాసుకున్నాం, ఆన్‌లైన్‌లో రెంట్ అథారిటీ దగ్గర రిజిస్టరు చేయించి నంబరు కూడా తీసుకున్నాం. అదీ కింద ఫ్లాటు సార్ పట్టుబట్టబట్టే. నోటిమాట మీద ఉంటున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే మీరూ చేయించుకోండి. ఆయన్ని వెంటబెట్టుకుని రమ్మంటే మాత్రం కుదరదు, ఆయన ఇప్పుడు కొడుకు దగ్గర తాంబరంలో ఉన్నారు. సాలిగ్రామంలో ఆయనకు ఇల్లు దొరకలేదు. మా ఇల్లు కుదిర్చిన మనిషికి మేం ఇల్లు కుదర్చలేకపోయాం, అది ఇంకా మనసులో ఉంది.

గిరాకీలకు రెండు మాటలు. అద్దె 5,000 పెరిగింది కాబట్టి లైనింగ్ జాకెట్టు కూలి 50 రూపాయలు పెంచాల్సి వస్తోంది. పాత కొలతలన్నీ నా దగ్గరే ఉన్నాయి, మళ్ళీ ఇవ్వక్కర్లేదు. దసరాకి కావాలంటే ఈ నెలాఖరులోపు గుడ్డ ఇచ్చేయండి. మిషను చప్పుడు రాత్రి తొమ్మిదికి ఆగిపోవాలని పాటికి మాటిచ్చాను, కాబట్టి ఆఖరు నిమిషంలో వస్తే నా వల్ల కాదు.

ఇంకొక్కటి. మా పాత బిల్డింగు గేటు పక్కన ఇస్త్రీ బండి దంపతులు ఉండేవాళ్ళు, మీలో చాలామంది బట్టలు వాళ్ళ దగ్గరికే వెళ్ళేవి. రేకులు కట్టి పని మొదలవగానే వాళ్ళను లేపేశారు. వాళ్ళకు ఏ ఓనరూ లేడు, అడ్వాన్సూ లేదు, ఏ చట్టమూ చూపించి అడగలేరు. బండి పెట్టుకోవడానికి ఇంటి ముందు కాస్త నీడ, బొగ్గు బస్తా దాచుకోవడానికి మెట్ల కింద చోటు ఇవ్వగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు ఫోన్ చేయండి. వీధి ఏదైనా ఫర్వాలేదు, సాలిగ్రామం దాటకపోతే చాలు.