హ్యాకింగ్ కోర్సుకు డబ్బు కట్టేముందు

ఎడిటర్ గారికి,

నమస్కారం. మాది హిందూపురం, పదకొండేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాను. మీ చదువుల పేజీని నేను కౌన్సెలింగ్ రోజుల్లోనే జాగ్రత్తగా చదువుతాను, ఎందుకంటే ఆ నెలంతా ఊరి నుంచి నాకు వచ్చే ఫోన్లు దాని గురించే. మొన్న సైబర్ సెక్యూరిటీ బ్రాంచి మీద వేసిన వ్యాసం మా అన్న ఫోటో తీసి పంపాడు. వెనకే ఫోను. "పాపా, నువ్వు చేసేది ఇదే కదా, మన అమ్మాయికి వెబ్ ఆప్షన్లలో ఇదే మొదట పెట్టేయమంటావా?" అని. ఆగన్నా, రెండు రోజులు టైమివ్వు అన్నాను. ఆయనకు చెప్పిందే కొంచెం పొడిగించి మీకు రాస్తున్నా, వీలైతే వేయండి.

ముందు ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పాలి, వ్యాసంలో అదొక్కటే లేదు. నల్ల హుడీ వేసుకుని చీకట్లో కూర్చున్న కుర్రాడి బొమ్మ వేశారు. చీకటి సంగతి నిజమే, నైట్ షిఫ్టు కాబట్టి. మిగతాదంతా ట్యూబులైట్ల కింద, ఏసీ చలికి శాలువా కప్పుకుని, స్క్రీన్ మీద వరసగా వచ్చిపడే అలర్టులు చూడటమే. దీన్ని సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్ అంటారు, మేం సాక్ అంటాం. ఒకతను తొమ్మిదీ పదికి బెంగళూరు నుంచి లాగిన్ అయ్యాడు, తొమ్మిదీ పాతికకు సింగపూర్ నుంచి మళ్లీ లాగిన్ అయ్యాడు, ఇదెలా సాధ్యం అని మెషీను గోల పెడుతుంది. చూస్తే ఏముంటుంది, వేరే దేశం నుంచి వచ్చినట్టు చూపించే వీపీఎన్ ఆన్ చేసుకుని ఉంటాడు. ఇలాంటివి రాత్రికి ఎన్ని మూస్తామో లెక్కుండదు. మొదట్లో మా అవ్వకు నా పని వివరించబోతే సగంలోనే ఆపి "అంటే తలారి పనా, రాత్రుళ్లు గస్తీ తిరిగేది?" అంది. అంతకంటే బాగా నేనూ ఎవరికీ చెప్పలేకపోయాను ఇంతవరకు.

అయితే గస్తీలో ఒక్కోసారి నిజం దొంగ కూడా తగులుతాడు. కొన్నేళ్ల కిందట, రాత్రి మూడు కావస్తుండగా, ఒక క్లయింటు కంపెనీలో అకౌంట్స్ సెక్షన్ ఆవిడ మెయిల్‌బాక్సులో కొత్త రూల్ ఒకటి తయారైందని చిన్న అలర్టు వచ్చింది. ప్రాధాన్యం తక్కువ అని పసుపు రంగులో ఉంది, మూసేసినా ఎవరూ అడగరు. రూల్ తెరిచి చూస్తే, ఇన్‌వాయిస్ అనే మాట ఉన్న మెయిల్ ఏదొచ్చినా చదివేసినట్టు గుర్తు పెట్టి, వెబ్‌సైట్ల వార్తలు చేరే, ఎవరూ తెరవని ఆర్ఎస్ఎస్ ఫోల్డర్లోకి తోసేయమని ఉంది. ఆవిడ పాస్‌వర్డ్ ఎవడి చేతికో చిక్కింది, వాడు ఆవిడ పేరుతో సప్లయర్లకు జవాబులిస్తున్నాడు, బిల్లు మీద బ్యాంకు అకౌంటు నంబరు మార్చడమొక్కటే మిగిలింది. తెల్లారేలోపు ఆపగలిగాం. నాకది అనుమానంగా ఎందుకు తోచిందంటే నేనేదో హ్యాకింగ్ నేర్చుకున్నందుకు కాదు. అంతకుముందు మూడేళ్లు ఒక చిన్న కంపెనీలో మెయిల్ సర్వర్లు చూసుకునే పని చేశాను, బోర్ అని రోజూ తిట్టుకుంటూ చేశాను, మామూలు మనిషి అలాంటి రూల్ పెట్టుకోడని అక్కడ తెలిసింది.

అన్నకు నేను చెప్పిన అసలు మాట ఇక్కడుంది. ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో తెలియకుండా అది ఎక్కడ పాడైందో పట్టుకోలేం. నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు, సీ గానీ పైథాన్ గానీ ఒక్క భాషలో చేయి తిరగడం, ఈ నాలుగూ గట్టిగా చెప్పే కాలేజీ అయితే బ్రాంచి పేరు ఏదైనా ఒకటే. అవి పల్చగా చెప్పి, పైన సైబర్ అనే పేరున్న పేపర్లు నాలుగు అతికిస్తే ఆ సీటు కంటే మామూలు సీఎస్ఈ మేలు. నాది ఈసీఈ, అదీ అనంతపురం జిల్లాలో ఒక మామూలు కాలేజీ. సెక్యూరిటీయే చదవాలని పట్టుదల ఉంటే పైచదువులో చదవొచ్చు: గేట్ రాసి ఐఐటీ కాన్పూర్ లాంటి చోట ఎంటెక్ ఉంది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీతో కలిపి ఎంటెక్ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల ఆరు నెలల పీజీ డిప్లొమా ఉంది, దానికి సీ-క్యాట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. మా టీములో ఇద్దరు ఆ డిప్లొమా చేసి వచ్చినవాళ్లే, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద వాళ్ల చేతివేగం చూస్తే నాకు ఇప్పటికీ అసూయ.

ఇక మా మారతహళ్లి సంగతి. బ్రిడ్జి దిగి ఎటు తిరిగినా తెలుగు పిల్లల పీజీ హాస్టళ్లు, ఆంధ్రా మెస్సులు, వాటి పైఅంతస్తుల్లో ట్రైనింగ్ సెంటర్లు. ఎథికల్ హ్యాకింగ్, మూడు నెలలు, వంద శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు. కదిరి దగ్గర నుంచి వచ్చిన మాకు తెలిసినవాళ్ల అబ్బాయి ఒక చోట 85 వేలు కట్టాడు, వాళ్ల నాన్న వేరుశనగ అమ్మిన డబ్బు. పరీక్షలో వచ్చే ప్రశ్నలూ జవాబులూ ముందే చేతిలో పెట్టి బట్టీ కొట్టించి సర్టిఫికెట్ ఇప్పించారు. మా కంపెనీలో ఖాళీ ఉంటే రెజ్యూమే ఇచ్చి, ఇంటర్వ్యూకు ముందురోజు ఇంటికి పిలిచి అడిగాను, బ్రౌజర్లో ఒక సైటు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే పేజీ కనబడేలోపు ఏమేం జరుగుతుంది అని. ఆ పేరుకు నంబరు ఎవరిస్తారు, అవతలి సర్వరుతో మొదటి మూడు పలకరింపులు ఏమిటి, తాళం బొమ్మ ఎందుకొస్తుంది, ఇంతే. పాపం ఆ పిల్లాడు టూల్స్ పేర్లు గడగడా చెప్పాడు గానీ దీనికి నోరు మెదపలేదు. టీ తాగి వెళ్లిపోయాడు. వాడి తప్పని నేననను.

సర్టిఫికెట్లన్నీ దండగ అని కాదు. ఓఎస్‌సీపీ అని ఒకటుంది, దాదాపు 24 గంటలు కూర్చుని నిజంగా మెషీన్లలోకి చొరబడి చూపించాలి, తర్వాత ఇంకో 24 గంటల్లో రిపోర్టు రాసివ్వాలి, అది ఉందంటే ఎవరైనా గౌరవిస్తారు. సీఐఎస్ఎస్‌పీకి మాత్రం ఐదేళ్ల అనుభవం కావాలి, సరైన డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారు. అనుభవం లేకుండా పరీక్ష పాసైతే అసోసియేట్ అంటారు తప్ప ఆ బిరుదు ఇవ్వరు. అలాంటిదాన్ని డిగ్రీ రెండో ఏడు పిల్లలకు అమ్ముతున్నవాళ్లను ఇక్కడే చూశాను. ఏమనాలి చెప్పండి.

2024 మార్చిలో జరిగింది ఒకటి గుర్తుచేస్తాను. లినక్స్ మెషీన్లలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసినట్టు నటించి, ఎవరో అందులో దొడ్డిదారి ఒకటి పెట్టారు. అది ప్రపంచమంతా పాకి ఉంటే లెక్కలేనన్ని సర్వర్ల తాళాలు వాళ్ల చేతిలో ఉండేవి. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్, మైక్రోసాఫ్ట్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఇంజినీరు. సెక్యూరిటీ ఆయన ఉద్యోగమే కాదు. లాగిన్‌కు మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేమిటని విసుగొచ్చి తవ్వుకుంటూ పోయాడు, అంతే. అర సెకను! మామూలుగా ఎంత పట్టాలో తెలిసినవాడికి గనక అది ఎక్కువని తెలిసింది.

దానికి పూర్తి విరుద్ధమైన సంగతి మన దగ్గరే జరిగింది. 2017 మేలో వాన్నక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని తాళం పడిపోయాయి, మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అది దూరిన విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది, మరీ పాత విండోస్‌కు మామూలుగా అదీ అందలేదు. అంటే ఈ రంగంలో సగం పని ఏ మెషీను ఎక్కడుందో లిస్టు రాసుకోవడం, టైముకు అప్‌డేట్ వేయించడం, వేయనివాళ్ల వెంటపడి తిట్లు తినడం. దీన్ని ఏ బ్రోచర్లోనూ వేయరు.

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన ఇంకో సంగతి, చట్టం. ఇంటర్ కుర్రాళ్లు యూట్యూబ్ చూసి కాలేజీ సైటు మీదే ప్రయోగాలు మొదలుపెడతారు. మా చుట్టాలబ్బాయి ఒకడు రిజల్ట్స్ పేజీ అడ్రసులో హాల్‌టికెట్ నంబరు మార్చి చూస్తే పక్కవాడి మార్కులూ ఫోన్ నంబరూ కనబడ్డాయి. లోపం సైటుదే. కానీ వీడు ఊరుకోకుండా స్క్రీన్‌షాట్లు తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, తండ్రిని పిలిపించి, పోలీసు కంప్లైంటు దాకా పోయి, చివరికి క్షమాపణ పత్రంతో వదిలేశారు. ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్లు చూడండి, అనుమతి లేకుండా వేరేవాళ్ల సిస్టంలోకి పోవడమే నష్టపరిహారం దాకా తెస్తుంది, దురుద్దేశంతో చేశారని తేలితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. నేర్చుకోవడానికే అయితే దొంగతనంగా నేర్చుకోవాల్సిన పనే లేదు. పికోసీటీఎఫ్ ఉంది, ఓవర్‌ద‌వైర్ ఉంది, పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉంది, మూడూ ఉచితం, పగలగొట్టమనే పెట్టినవి. పాత ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్లో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు, వేసుకుని ఒకదాంతో ఇంకోదాన్ని కొట్టుకున్నా ఎవరూ అడగరు.

కోడింగ్ అంటే భయపడే పిల్లలకు కూడా ఇందులో చోటుంది. ఏదైనా దాడి కంట పడితే ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని, ఎవరు ఎప్పుడు ఏం చేశారో మెషీన్లు రాసుకునే లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022లో ఆదేశాలొచ్చాయి. తర్వాత 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, భద్రత సరిగ్గా లేక డేటా పోతే 250 కోట్ల వరకు జరిమానా ఉంది అందులో. ఇవన్నీ కంపెనీలు పాటిస్తున్నాయో లేదో చూసే ఆడిట్ ఉద్యోగాలున్నాయి, రాత్రి షిఫ్టులు తక్కువ, ఓపికగా చదివే అలవాటుండాలి. ఇంగ్లిష్‌లో నాలుగు పేరాలు స్పష్టంగా రాయడం వచ్చి తీరాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు నెట్‌వర్కులో పారే డేటా ప్యాకెట్ల కంటే రిపోర్టుల టెన్షనే ఎక్కువ ఉండేది, మొదటి రిపోర్టు మా మేనేజర్ ఆరుసార్లు వెనక్కి పంపారు.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు, బ్రాంచి పేరు వదిలేసి, ల్యాబు తాళం తీయించి చూడమని అన్నకు చెప్పాను. పిల్లలు సాయంత్రం ఆరు తర్వాత అందులో కూర్చోవచ్చా, పాఠం చెప్పే సారు ఎప్పుడైనా కంపెనీలో చేశారా, పోయినేడు పిల్లలు ఏ హ్యాకింగ్ పోటీలో, అంటే సీటీఎఫ్‌లో ఆడారు, ఇవి అడగమన్నాను. మొదటి కాలేజీలో ల్యాబు తాళంచెవి ఎవరి దగ్గరుందో అరగంట వెతికారట, ఇంకా దొరకలేదని ఫోను. మీరు చదువుల పేజీలో సీట్ల సంఖ్య, ప్యాకేజీ అంకెలతో పాటు ఇలాంటివి కూడా కనుక్కుని వేస్తే బాగుంటుంది.

మా మేనకోడలికి ఓవర్‌ద‌వైర్‌లో బాండిట్ అనే ఆట చూపించాను. ఒక్కో మెట్టులో దాచిన పాస్‌వర్డ్ దొరికితేనే పై మెట్టుకు పోనిస్తుంది. వారంలో పన్నెండో మెట్టుకు వచ్చింది. నిన్న రాత్రి పదకొండుకు ఫోన్ చేసి "అత్తా, ఇది మూట విప్పితే లోపల ఇంకో మూట, అది విప్పితే ఇంకోటి, ఎన్నుంటాయి ఇలా?" అంది. చెప్పనన్నాను. విసుక్కుని పెట్టేసింది. పొద్దున షిఫ్టు దిగి చూస్తే రెండున్నరకు మెసేజి పెట్టి ఉంది, పదమూడో మెట్టు అని, అంతే.

పేరు వేయకండి, మా కంపెనీ రూల్సు ఒప్పుకోవు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు