మన సంఘం 2024–25 వార్షిక నివేదిక: దించే ముందే, పైకి తీసే దారి

సర్వసభ్య సమావేశానికి వచ్చిన బరువులెత్తే కళాసీలు, పరంజా కట్టేవాళ్లు, వెల్డర్లు, గ్యాస్ కట్టర్లు, ట్యాంక్ క్లీనింగ్ వాళ్లు, పెయింటర్లు, వాళ్లతో పాటు వచ్చిన ఇంటివాళ్లు అందరికీ నమస్కారం. గాజువాకలో మన ఆఫీసు గది మారలేదు, ఫ్యాను మాత్రం మారింది. చందాలు, ఖర్చుల లెక్క కోశాధికారి విడిగా చదువుతారు. సంక్షేమ బోర్డు కార్డుల రెన్యువల్, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన టైమూ డబ్బూ ఎక్కువగా ఒకే పనికి పోయాయి. ట్యాంకులోనో, గోతిలోనో, ఎత్తులోనో మనవాడు పడిపోతే బయటికి ఎలా తీయాలి? నా నివేదికంతా దాదాపు దాని గురించే.

ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా యూనిట్‌లో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఆ మధ్యాహ్నం నుంచి మన ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. సంతాప సభ పెట్టుకున్నాం, నివాళి అర్పించాం, ఇళ్లకు పోయాం. నిజం చెప్పాలంటే అంతకుమించి ఏమీ చేయలేదు.

మనల్ని కదిలించింది నెల తర్వాత జరిగిన చిన్న సంగతి. ఏ పేపర్లోనూ రాలేదు. ఒక యూనిట్‌లో పంపు జామ్ అయిందని మన సభ్యుడొకరు సంపులోకి దిగారు. నాలుగు మెట్లు దిగేసరికి ‘కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది’ అన్నారు. కింద కాలు పెట్టాక ‘ఇప్పుడు లేదులే’ అన్నారు. ఆ తర్వాత మాట లేదు. పైన ఉన్నది ఆయన సొంత తమ్ముడే. ‘అన్నయ్యా’ అని అరుస్తూ నిచ్చెన మీద కాలు వేశాడు. గట్టు మీద కాపలా ఉన్న ముసలి కళాసీ ఆ కుర్రాడి చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగి, కింద పడేసి, మీద కూర్చున్నాడు. అన్న ఒంటికి తాడు కట్టి ఉంది కాబట్టి నలుగురు కలిసి లాగేశారు. ఆయన బతికారు. అన్నదమ్ములిద్దరూ ఇవాళ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పొద్దన్నారు, చెప్పను. ఆ కాలరు చిరిగిన చొక్కా మాత్రం ఆఫీసులో మేకుకు వేలాడుతోంది, చూసే ఉంటారు.

‘వాసన లేదులే’ అన్న మాట గురించి కాస్త చెప్పాలి. ఆ గ్యాసు హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే, 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) దాకా చేరేసరికి ముక్కు పని చేయడం మానేస్తుంది. వాసన పోయిందంటే గ్యాసు పోయిందని కాదు, పెరిగిందని అనుకోవాలి. మన ముక్కును మీటరుగా వాడుకోవడం ఇక చాలు.

కుర్రాడి మీద కూర్చోవడం మోటు పనిలా కనిపించొచ్చు. ఈ ఏడాది మనం నేర్చుకున్న పాఠాల్లో పెద్దది అదే. ఇలాంటి మూసి ఉన్న చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని అమెరికాలో పనిచోటి భద్రత మీద పరిశోధన చేసే నయోష్ సంస్థ 1986లోనే హెచ్చరించింది. మన దగ్గరా ఇలాంటివి జరిగాయి. 2015 నవంబరులో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు మన ఆంధ్రా కూలీలు స్పృహ తప్పితే, దారినపోయే ఆటోడ్రైవర్ నౌషాద్ వాళ్లకోసం దిగాడు. ముగ్గురూ పోయారు. మనవాళ్లకోసం ప్రాణం ఇచ్చిన మనిషి, ఆయన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ గట్టు మీద మనిషిని పైకి లాగే ముక్కాలి స్టాండు ఒకటి, ఒక తాడు ఉండుంటే ఆయన దిగాల్సిన అవసరమే వచ్చేది కాదు.

అక్టోబరులో మీ అందరినీ అడిగాం, మీ సైట్లలో పనికి దిగే ముందు రాసే పర్మిట్ కాగితం మీద రెస్క్యూ అన్న గడిలో ఏం రాస్తున్నారో చూసి చెప్పమని. వచ్చిన జవాబులు దాదాపు ఒకటే: ‘108కి ఫోన్ చేయబడును’. కొన్నిటి మీద మేస్త్రీ ఫోన్ నంబరు. ఒకదాని మీద టిక్కు మార్కు, అంతే. 108 వాళ్లు మంచివాళ్లే, వైద్యం చేస్తారు. ట్యాంకులోకి దిగి మనిషిని తీయడం వాళ్ల పని కాదు, దానికి కావలసిన సామానూ వాళ్ల దగ్గర ఉండదు. ఊపిరి అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. గేటు దగ్గర అంబులెన్సుకు పాసు రాసేలోపే ఆ టైము అయిపోతుంది.

దాంతో తలా 300 వేసుకుని, కొందరు పెద్దలు ఇచ్చింది కలిపి, సామాను కొన్నాం. నాలుగు గ్యాసుల మీటరు ఒకటి, తాడు చుట్టి లాగే వించి ఉన్న ముక్కాలి స్టాండు, భుజాలకూ తొడలకూ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్‌లు రెండు, లోపలికి గాలి కొట్టే బ్లోయరు ఒకటి. మీటరులో ఆక్సిజన్ 20.9 చూపించాలి. 19.5 కన్నా తగ్గితే దిగేది లేదు, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సరే. ట్యాంకులో పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి, మూత దగ్గర పెట్టి చూసి సరిపెట్టుకోకూడదు. గాలి సిలిండరు సెట్లు కొనే స్తోమత మనకు లేదు. అవి యాజమాన్యమే ఇవ్వాలి, అడగాలి.

జనవరిలో ఆటోనగర్‌లో ఒక సభ్యుడి ఫ్యాబ్రికేషన్ యార్డులో పాత ట్యాంకు దొరికితే రెస్క్యూ డ్రిల్లు పెట్టాం. పాత బాయిలర్ సూటులో ఇసుక నింపి 70 కిలోల బొమ్మ చేశాం. ఎవరో దానికి ‘బావగారు’ అని పేరు పెట్టారు. మొదటిసారి బావగారికి మామూలు నడుం బెల్టు కట్టి లాగాం. మూత దాకా బాగానే వచ్చాడు. అక్కడ నడుం దగ్గర రెండుగా మడిచిపోయి, తల మోకాళ్లకు తగిలి, వీపు మూతి అంచుకు పట్టేసింది. ఎంత లాగితే అంత బిగుసుకుంది. అప్పటిదాకా ‘బావ బరువెక్కాడ్రా’ అని నవ్వినవాళ్లంతా ఒక్కసారి చప్పబడిపోయారు. రెండోసారి హార్నెస్ తొడిగి, వీపు మీద రెండు భుజాల మధ్య ఉన్న రింగుకు తాడు వేశాం. నిటారుగా, జామకాయ కోసినట్టు, పైకి వచ్చేశాడు. మొదటిసారి 19 నిమిషాలు, రెండోసారి 3.

మూడోసారి ట్యాంకుకు పక్కనున్న మ్యాన్‌హోల్ నుంచి తీయబోయాం. అప్పుడు తెలిసొచ్చింది, మనం మురిసిపోతూ కొన్న ముక్కాలి స్టాండు పక్క మూతికి ఎందుకూ పనికిరాదని. కొనే ముందు ఎవరికీ తట్టలేదు. అందులో నా తప్పు కూడా ఉంది.

ఎత్తు పనివాళ్ల సంగతి వేరు. జారితే బెల్టు ఆపుతుంది, సరే. ఆ తర్వాత దింపేది ఎవరు? హార్నెస్‌లో కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలోకి దిగిపోయి, కొద్దిసేపట్లోనే స్పృహ తప్పొచ్చు. కాలు మోపి లేచి నిలబడే పట్టీలు హార్నెస్‌కు ఉంటాయి, చవకే, అవి లేని హార్నెస్ తీసుకోకండి. పరంజా మీద పనంటే మనిషిని దింపే రెండో తాడు ఏ దూలానికి వేయాలో పొద్దున పని మొదలుపెట్టే ముందు జరిగే టూల్‌బాక్స్ మీటింగులోనే అనుకోవాలి.

ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల, బురద, నీళ్లు, విరిగిన బోరింగ్ మెషీను. సైన్యం, కేంద్రం విపత్తు దళం ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి రెస్క్యూ వాళ్లు, ఇనుము కోయడానికి దక్షిణ మధ్య రైల్వే వాళ్లు దిగారు. మన గ్యాస్ కట్టర్లలో కొందరు ‘మేమూ పోతాం’ అని ఆఫీసుకు వచ్చారు. మనసు గొప్పదే, ట్రైనింగు లేకుండా పంపలేమని కమిటీ ఆపింది. దానిమీద చాలా గొడవైంది, మినిట్స్‌లో ఉంది. మార్చి చివరికి ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఉత్తరకాశీ సిల్క్యారాలో 2023లో 41 మందీ 17 రోజుల తర్వాత బతికి బయటపడ్డారు, అక్కడ పైపు ద్వారా లోపలికి గాలి, తిండి అందాయి. అన్ని చోట్లా ఆ అవకాశం దొరకదు.

చట్టం సంగతి. 2024–25లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షను ప్రకారం ట్యాంకు సురక్షితమని అర్హుడైన వ్యక్తి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టు ఉండి, తాడు కొస బయట ఒకరి చేతిలో ఉండాలి. ఆ ‘లేదా’ మీద నాకు పేచీ ఉంది. సర్టిఫికెట్ ఉన్నా సరే, మన సభ్యులు తాడు లేకుండా దిగొద్దని కార్యవర్గం తీర్మానించింది. దీనివల్ల రెండు పనులు చేజారాయి. ఒక కాంట్రాక్టరు వేరే ముఠాను తెచ్చుకున్నాడు. ఆ రెండు పనులకు పోవాల్సినవాళ్లకు ఒక్కొక్కరికి 2 రోజుల కూలి సంఘం నిధి నుంచి ఇచ్చాం.

వచ్చే ఏడాది ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం 7 గంటలకు అదే యార్డులో ప్రాక్టీసు, మొదట పక్క మ్యాన్‌హోల్‌తోనే. మీటరును 6 నెలలకోసారి కాలిబ్రేషన్‌కు, అంటే సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూడడానికి పంపాలి, ఆ ఖర్చుకు ఇవాళ సభ ఆమోదం కావాలి. హార్నెస్‌లు తీసుకెళ్లేవాళ్లు రిజిస్టరులో సంతకం పెట్టండి, తిరిగి ఇచ్చేటప్పుడు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టి ఇవ్వండి. పోయిన నెల ఒకటి గ్రీజుతో వచ్చింది. ఎవరిదో తెలుసు, పేరు చెప్పడం లేదు.

— కార్యదర్శి