ఓవర్‌హాల్ చేసిన క్యాబిన్ హీటర్‌ను పరీక్షించకుండానే అప్పగించారు: ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా రెండు ఇంజన్ల చిన్న విమానంలోని క్యాబిన్ హీటర్‌ను మీ వర్క్‌షాపులో ఓవర్‌హాల్ చేశారు, అంటే పూర్తిగా విప్పి బాగుచేశారు. బిగించింది కూడా మీ టెక్నీషియన్లే. ఆ తర్వాత రెండో ప్రయాణంలోనే ఇద్దరం ప్రాణాల మీదకు తెచ్చుకున్నాం. ఫోన్ చేస్తే "వేడి గాలి వస్తోంది కదండీ, టెస్ట్ చేసే ఇచ్చాం" అన్నారు. ఆ మాట నాకు చాలదు, అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ రోజు 8,000 అడుగుల ఎత్తులో ఉన్నాం. హీటర్ వేసిన ఇరవై నిమిషాలకు పక్క సీట్లోని కో-పైలట్ తల బరువుగా ఉందంది. రాత్రి నిద్ర చాలలేదేమో అనుకున్నాం. ఇంతలో ప్యానెల్ మీది కార్బన్ మోనాక్సైడ్ మీటర్ మోగింది. మేం చూస్తుండగానే అంకె 35 నుంచి 60 దాటింది. చిన్న విమానాల క్యాబిన్ గాలిలో ఈ వాయువు 20,000 వంతుల్లో ఒక వంతుకు, అంటే 50 పీపీఎంకు (పది లక్షల వంతుల్లో 50 వంతులకు) మించకూడదన్నది ఎప్పటినుంచో ఉన్న హద్దు. వెంటనే హీటర్ ఆపి, బయటి గాలి వెంట్లన్నీ తెరిచి, దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగాం. దిగాక సీటు బెల్టు బకిల్ విప్పడానికి ఆమె మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. వేళ్లు పట్టు దొరకక జారిపోతున్నాయి. మీటర్ లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టడం లేదు. ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

హీటర్‌ను దించి మా ఇంజనీరు ముందు పెట్టాం. ఈ హీటర్లో విమానం పెట్రోలే మండుతుంది. మంట ఉండే ట్యూబు లోపల ఒక గాలి, దాని చుట్టూ తిరిగి క్యాబిన్‌లోకి వచ్చే గాలి ఇంకొకటి. రెంటికీ మధ్య ఉన్నది పల్చటి లోహపు గోడ ఒక్కటే. అందుకే ట్యూబు దారులన్నీ మూసి, గాలి ఎక్కించి, ప్రెషర్ ఎంత త్వరగా పడిపోతుందో చూడాలి. మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆ ప్రెషర్ నిలవాలి. మేం చేసినప్పుడు గేజ్ ముల్లు చూస్తుండగానే కిందికి వచ్చేసింది. సబ్బు నీళ్లు రాస్తే వెల్డింగ్ అతుకు పక్కన ఆవగింజంత బుడగలు వరుసగా పొంగాయి, చెవి దగ్గర పెడితే సన్నగా బుస్సుమనే చప్పుడు కూడా వినిపించింది.

అక్కడితో అయిపోలేదు. మంటకు వెళ్లే గాలి తగ్గితే పెట్రోలు ఆపాల్సిన ప్రెషర్ స్విచ్‌కు మల్టీమీటరు పెట్టి చూశాం. గాలి అసలు లేనప్పుడు కూడా కాంటాక్టులు అతుక్కునే ఉన్నాయి. ఆ ఒక్క స్విచ్ పరీక్షించి ఉంటే ఈ తప్పు మీ బెంచ్ మీదే దొరికేది.

మీరిచ్చిన ట్యాగ్ మీద "టెస్టెడ్, ఓకే" అన్న ముద్ర మాత్రం ఉంది. ఎంత ప్రెషర్ ఎక్కించారు, ఎన్ని సెకన్లు ఆగారు, చివరికి ఎంత మిగిలింది అన్న గడులు మూడూ ఖాళీగా ఉన్నాయి. బిగించాక నేల మీద చేసిన పరీక్ష ఐదు నిమిషాలు, నేను అక్కడే ఉన్నాను. వేడి రాగానే ఆపేశారు. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ దానంతట అది ఆపి వేసే దాకా ఆగలేదు. వేడి మితిమీరితే హీటర్‌ను ఆపాల్సిన ఓవర్‌హీట్ స్విచ్ ముట్టుకోలేదు. ఎగ్జాస్ట్, డ్రెయిన్ గొట్టాలు బయటికి సరిగ్గా తెరుచుకున్నాయో లేదో వంగి చూడలేదు. క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ మీటరు పెట్టలేదు. ట్యూబు చల్లారేదాకా బ్లోయర్ తిరగనివ్వకుండా మాస్టర్ స్విచ్ కూడా వెంటనే ఆపేశారు. అడుగుదామనుకున్నాను, నిపుణులు కదా అని ఊరుకున్నాను. అది నా తప్పే.

2019 జనవరిలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సలా ప్రయాణించిన చిన్న విమానం ఇంగ్లిష్ చానెల్‌లో కూలింది. ఆయన రక్తంలోని హిమోగ్లోబిన్‌లో 58 శాతాన్ని కార్బన్ మోనాక్సైడ్ పట్టుకుని ఉందని బ్రిటన్ దర్యాప్తు తేల్చింది. ఆ కేసులో అనుమానం ఇంజన్ ఎగ్జాస్ట్ మీద. కానీ క్యాబిన్‌లోకి వచ్చిన విషం అదే.

నేను అడుగుతున్నవి ఇవి. పరీక్షలో చూసిన అసలు అంకెలు, అవి రాసిన వ్యక్తి సంతకంతో పంపండి. పరీక్ష జరగకపోతే ఆ మాటే రాసివ్వండి. హీటర్‌కు మరో ట్యూబు, కొత్త స్విచ్ వేసి, ఈసారి ప్రెషర్ పరీక్ష మా ఇంజనీరు ఎదుట చేయండి. ఆ ఖర్చూ, విమానం నిలిచిపోయిన రోజుల ఖర్చూ మీవే. అన్నిటికంటే ముందు, ఇదే ముద్రతో మీరు బయటికి పంపిన మిగతా హీటర్ల యజమానులకు ఈరోజే ఫోన్ చేయండి. వాళ్లలో ఎందరి దగ్గర మీటర్ ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఈ లోపం నివేదికను నియంత్రణ సంస్థకు కూడా పంపాను. పది రోజుల్లో రాతపూర్వక జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
విమాన యజమాని, పైలట్