చీనాబ్ ఆర్చిని మోస్తున్న కొండల లెక్కలు మాకివ్వండి

కేంద్ర రైల్వే శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి నమస్కారం.

రాజమహేంద్రవరంలో పాలిటెక్నిక్ పిల్లలకు సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతుంటాను. ఆర్చి పాఠం వచ్చినప్పుడల్లా వాళ్లను గోదావరి గట్టుకు తీసుకెళ్తాను. 1997లో పూర్తయిన మూడో రైలు వంతెనలో 28 కాంక్రీటు విల్లులున్నాయి, ఒక్కోటి 97.55 మీటర్లు. బరువు పడితే ఆర్చి కాళ్లు బార్లా చాపాలని చూస్తుంది. ఇక్కడ ఆ తోపుడును బిగపట్టి ఉంచేది పట్టాల కింది గర్డరే (పొడవాటి దూలమే), వింటికి నారిలాగా.

2025 జూన్ 6న జమ్మూకశ్మీర్‌లో చీనాబ్ నది మీది రైలు వంతెన ప్రారంభమయ్యాక పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న: "సార్, దీనికి నారి ఏదీ?"

నారి లేదు. ఆ 467 మీటర్ల ఉక్కు ఆర్చి తన తోపుడంతా రియాసీ జిల్లాలోని రెండు కొండలకే అప్పగించింది. నదీగర్భం నుంచి 359 మీటర్ల ఎత్తు, ఐఫిల్ టవర్‌కన్నా ఎక్కువ అన్న సంగతి మా ఊళ్లో చిన్నపిల్లలకూ నోటికి వచ్చు. నా ధ్యాసంతా ఆ కొండల మీదే. అవి ఏకశిలలు కావు. నిండా పగుళ్లు, పైగా భూకంపాల ముప్పు తీవ్రంగా ఉన్న చోటు. తవ్వేకొద్దీ ముందు సర్వేలో తెలియని రాయి బయటపడింది. గీసిన డ్రాయింగునే పట్టుకు కూర్చోకుండా, కనిపించిన రాతిని బట్టి యాంకర్లు (రాతిలోకి దింపి బిగించే ఉక్కు కడ్డీలు), గ్రౌటింగ్ (పగుళ్లలోకి సిమెంటు ద్రవం ఎక్కించడం) మార్చుకుంటూ కొండను నిలబెట్టారు. ఆ పనికి పదిహేడేళ్లు సలహాదారుగా ఉన్న బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) ఆచార్యులు జి. మాధవీలత గారు మా తెలుగు ఆడపడుచు. పొగడ్తలు వెల్లువెత్తినప్పుడు, వేలమందిలో తానూ ఒకరినని చెప్పారావిడ. ఆ వేలమంది నేర్చుకున్నది ఎక్కడుంది? పరిశోధన పత్రాల్లో కొంత వచ్చింది. అది పెద్ద చదువుల వాళ్లకే అందుతుంది.

మా పిల్లల్లో కొందరు రేపు రైల్వేలో జూనియర్ ఇంజినీర్లవుతారు. కొత్తవలస–కిరండూల్ లైనులో అనంతగిరి ఘాట్ మీద డ్యూటీ పడవచ్చు. వానాకాలంలో అక్కడ బండలు పట్టాల మీదికి జారుతుంటాయి. పగిలిన రాయిని ఎలా చదవాలో, ఏ పగులు దగ్గర ఆగి ఆలోచించాలో వాళ్లకు చీనాబ్ నేర్పగలదు.

అందుకే అడుగుతున్నాను. పునాదుల తవ్వకంలో ఎక్కడ ఎలాంటి రాయి తగిలింది, దాన్ని చూసి ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్న వివరాలను డిప్లొమా విద్యార్థికి అర్థమయ్యే తెలుగులోనూ, మిగతా భారతీయ భాషల్లోనూ అచ్చు వేయించండి. ఆ కొండవాలుల కదలికలను కొలిచే పరికరాల రీడింగులు ఏటా విడుదల చేయండి. పేలుళ్లను తట్టుకునే ఏర్పాట్ల వంటి భద్రతా రహస్యాలు మాకు అక్కర్లేదు, అవి దాచే ఉంచండి.

అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు వంతెన ఒక చివరనున్న కౌరీ వైపు పునాది ఒక్కదాని వివరాలే ఇవ్వండి. వచ్చే సెమిస్టరు పాఠం దానితోనే మొదలుపెడతాం.

ఇట్లు,
ఒక సివిల్ ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం