సముద్రం వెనక్కెళ్తే సెల్ఫీలు సరే, కొండెక్కే దారి ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మన విశాఖ ఆర్కే బీచ్‌లో సముద్రం కాస్త వెనక్కెళ్తే చాలు, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో సునామీ వచ్చేస్తోందని మెసేజ్‌లు, మర్నాడు పేపర్లలో బయటపడ్డ రాళ్ళెక్కి సెల్ఫీలు దిగుతున్న జనం ఫోటో. ఎన్నేళ్ళయినా ఇదే తంతు. మీరూ వేస్తారు కాబట్టే మీకు రాస్తున్నా, ఏమీ అనుకోకండి. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటుపోట్లు ఎక్కువ, నీళ్ళు గంటల తరబడి మెల్లగా తగ్గుతాయి, మళ్ళీ అంతే మెల్లగా వస్తాయి, జాలరిపేటలో ఏ తాతనడిగినా చెప్తాడు. సునామీకి ముందు అలా కాదు, నిమిషాల్లో లాగేస్తుంది. పైగా ప్రతిసారీ ముందు లాగుతుందన్న గ్యారంటీ కూడా లేదు, ఒక్కోసారి నేరుగా పొంగే వస్తుంది. ఆ ఫోటో కింద ఈ తేడా రెండు లైన్లు వేస్తే మీ సొమ్మేం పోదు కదా.

అసలు నేనడగాలనుకున్నది వేరే. కోస్టల్ బ్యాటరీ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు మీద ఇక్కడ స్నానం చేయొద్దు, లోపలికి దిగొద్దు అనే బోర్డులు చాలానే కనపడతాయి గానీ, సునామీ వస్తే ఎటు పరిగెత్తాలో చెప్పే బాణం గుర్తు ఒక్కటి కూడా నా కంట పడలేదు. మన ఊరికి దేవుడిచ్చిన వరం కొండలు. మచిలీపట్నం వైపు వాళ్ళకి మైళ్ళకొద్దీ చదును నేల, ఎటు పోయినా ఒకటే, మనకలా కాదు. హార్బర్ దగ్గరున్నవాళ్ళకి రాస్ హిల్, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ పక్కపక్కనే ఉన్నాయి, భీమిలికి పావురాలకొండ, అప్పుఘర్ వైపు కైలాసగిరి, ఆర్కే బీచ్‌లో ఉంటే రోడ్డు దాటి యూనివర్సిటీ వైపు ఎత్తుకి నడిచిపోవచ్చు. కానీ కంగారులో మన జనం ఏం చేస్తారో మనకి తెలీదా, బండి స్టార్ట్ చేసి బీచ్ రోడ్డు మీదే రుషికొండ వైపు కొందరు, పార్క్ హోటల్ వైపు కొందరు, అంటే సముద్రం పక్కనే బారులు తీరి ట్రాఫిక్ జామ్ అయిపోతారు. బండి వదిలేసి అడ్డంగా పైకి నడవండి అని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంచాలి.

2004 డిసెంబర్ 26 ఆదివారం పొద్దున్న 6.29కి ఇండోనేషియాలోని సుమత్రా దీవి దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది, మన తీరానికి అలలు తగిలేసరికి 9 అయింది. అంటే రెండున్నర గంటలు చేతిలో ఉన్నాయి, చెప్పే నాథుడు లేడు. ఆ రోజు పౌర్ణమి, మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచ్‌లో సముద్రస్నానానికి వెళ్ళినవాళ్ళు కూడా పోయారు, మన రాష్ట్రంలో మొత్తం వందమందికి పైగా. విశాఖకి అప్పుడు పెద్దగా ఏం కాలేదు, బహుశా అందుకే మనకి ఈ ధీమా.

ఇప్పుడు చెప్పే నాథుడున్నాడు. 2007 నుంచి హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (సముద్రం సంగతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది, సముద్రంలో పెద్ద భూకంపం వస్తే పది నిమిషాల్లో మొదటి బులెటిన్ ఇచ్చేస్తారు. 2 మీటర్లు దాటే అలలైతే వార్నింగ్, జనం ఎత్తైన చోటికి పోవాలి. అర మీటరు నుంచి 2 మీటర్ల లోపైతే అలర్ట్, బీచ్ ఖాళీ చేయాలి. అంతకన్నా తక్కువైతే వాచ్, మనం చేయాల్సిందేం లేదు. ఈ మూడు మాటలు మన టీవీల్లో కలగాపులగం అయిపోతాయి, వాచ్ అన్నా బ్రేకింగ్ న్యూసే, వార్నింగ్ అన్నా బ్రేకింగ్ న్యూసే.

2012 ఏప్రిల్ 11 గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం 2 దాటాక ఫ్యాన్లు ఊగాయి, అపార్ట్‌మెంట్ల లోంచి అందరం రోడ్డు మీదకొచ్చాం. అదీ సుమత్రా దగ్గరే, 8.6. మా వీధి కుర్రాళ్ళు కొందరు ఏం చేశారంటే, సునామీ ఎలా ఉంటుందో చూద్దామని బళ్ళేసుకుని బీచ్‌కే పోయారు! ఆ సారి భూమి పలకలు పక్కకి జరిగాయి కాబట్టి నీటిని పెద్దగా పైకి లేపలేదు, బతికిపోయాం. ఇంకో సంగతి, భూమి ఊగితేనే పరిగెత్తాలి అనుకోడం కూడా తప్పే. అండమాన్‌ వైపో సుమత్రా వైపో వచ్చే భూకంపం మనకి నిద్రలో తెలియకపోవచ్చు కూడా. అందుకే సైరన్ ఉండాలి, ఫోన్‌కి వచ్చే అలర్ట్‌ని నమ్మాలి. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా కుయ్యోమని మోగి ప్రభుత్వం పంపిన టెస్ట్ మెసేజ్ వస్తే మనలో సగం మంది వైరస్ అనుకున్నారు.

వేటకెళ్ళేవాళ్ళకి లెక్క తిరగబడుతుంది. లోతు నీళ్ళలో సునామీ బోటుకి తెలియను కూడా తెలియదు, ఒడ్డుకొచ్చేకొద్దీ లేస్తుంది. సముద్రంలో ఉన్న బోటు హార్బర్‌కి రాకూడదు, లోతు నీళ్ళలోనే ఉండాలి, అధికారులు సరే అన్నాకే రావాలి, ఎందుకంటే మొదటి అల వెళ్ళిపోయాక గంటల తర్వాత కూడా ఇంకా పెద్దది రావచ్చు. ఇంట్లోవాళ్ళు భయపడి వచ్చేయమని ఫోన్ చేస్తారు, అక్కడే ప్రాణం మీదకొస్తుంది.



ఒడిశాలో వెంకట్రాయిపూర్, నోలియాసాహి అనే రెండు చిన్న పల్లెలు 2020లోనే యునెస్కో దగ్గర సునామీ రెడీ అనిపించుకున్నాయి. మ్యాపులు గీసుకున్నారు, బోర్డులు పెట్టుకున్నారు, డ్రిల్ చేసుకున్నారు. వాళ్ళకి కుదిరింది ఇంత పెద్ద సిటీకి కుదరదా? నవంబర్ 5న ప్రపంచ సునామీ అవగాహన దినోత్సవం, ఆ రోజు ఏదో హాల్లో బ్యానర్ కట్టి మీటింగ్ పెట్టే బదులు, దానికి దగ్గర్లో ఒక ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ కిక్కిరిసి ఉన్నప్పుడు సైరన్ కొట్టి, ముందే చెప్పి సుమా, ముంత మసాలా బండ్లవాళ్ళతో సహా అందర్నీ ఎత్తుకి నడిపించి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. చూసి ఆ లెక్క మీ పేపర్లో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
చినవాల్తేరు, విశాఖపట్నం