మల్లూరు చింతామణి ధార దగ్గర సాయం చేసిన అన్నకు

పోయిన ఆదివారం అమ్మను తీసుకుని హనుమకొండ నుంచి మల్లూరు వెళ్లాను. ములుగు, ఏటూరునాగారం దాటి మంగపేట దారిలో, గుట్ట మీద హేమాచల లక్ష్మీనరసింహస్వామి గుడి. దర్శనం తొందరగానే అయింది. అమ్మ మనసంతా అక్కడి ఊట, చింతామణి ధార మీదే. ఆ నీళ్లు ఒంటికి మంచివని మా నాయనమ్మ కాలం నుంచీ నమ్మకం.

20 లీటర్ల క్యాన్లు రెండు. నింపాక గానీ బరువు తెలియలేదు. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. తడి రాళ్ల మీద ఒక చేత్తో అమ్మను, ఇంకో చేత్తో క్యాన్‌ను పట్టుకుని నిలబడితే నిజంగా టెన్షన్ పట్టుకుంది.

"అమ్మను చూసుకో తమ్మీ, ఇవి నేను తెస్తా" అంటూ మీరు వచ్చారు. ఒక క్యాన్ అడుగున పాచి చూసి, నీళ్లన్నీ పారబోశారు. గుప్పెడు ఇసుక వేసి గలగలా ఊపి, మూడుసార్లు కడిగారు. మూతికి మీ కండువా మడతపెట్టి వడగట్టి నింపారు. కారు ఎగుడుదిగుళ్లకు ఒలకకుండా మూత కింద కవర్ ముక్క పెట్టి బిగించారు. రెండూ కారు దాకా మోశారు. "ఊట నీళ్లయినా సరే, కాచి తాగుండ్రి" అన్నారు.

డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టారు. మీ బిందె ఇంకా ధార పక్కన ఖాళీగానే ఉంది. పేరైనా అడగలేకపోయాను అన్నా.

ఈ పొద్దున అమ్మ మొదటి గ్లాసు తాగుతూ మిమ్మల్నే తలుచుకుంది. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలి.