అయిపోయిన పెళ్లికి బాజాలెందుకు బావా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మీ కాలనీ వార్తల పత్రిక నీ నెత్తిన పెట్టేశారా! మీటింగుకి ఆలస్యంగా వెళ్లడమే నువ్వు చేసిన తప్పు. ఇలాంటి పనులన్నీ ఆలస్యంగా వచ్చి వెనక వరసలో కూర్చున్నవాడికే తగులుకుంటాయి. మూడేళ్ల కిందట నాకూ అలాగే తగులుకుంది. ఒక్క సంచికేగా అనుకున్నాను. ఇప్పటికి ముప్పై దాటాయి.

"నెలకి నాలుగు పేజీలు నింపేంత వార్తలు మా కాలనీలో ఎక్కడివిరా" అని అడిగావు. మొదట్లో నా టెన్షనూ అదే. అందుకే తొలి ఐదారు సంచికల్లో దొరికిందల్లా పోశాను. ఫలానా రోడ్డు పని పూర్తయింది, ఫలానా పార్కు తెరిచారు, ఫలానా వారు ముఖ్య అతిథిగా వచ్చారు, ఇదిగో ఫోటో. ఇంటింటికీ తిరిగి పంచాను. వారం తిరిగేసరికి నా పత్రికలు అలమరల అరల్లో అడుగున పరిచి కనిపించాయి. కనీసం దానికైనా పనికొచ్చిందిలే అని సర్దుకున్నాను.

అప్పుడు మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ ఒకరు మెట్ల మీద నన్ను ఆపారు. "బాబూ, పార్కు ప్లాను మీద జనం అభిప్రాయాలు అడిగారని రాశావు. అడుగుతారని ముందే రాసుంటే నేనూ వెళ్లేదాన్ని కదా. కూర్చోడానికి నీడ లేని పార్కు నాకెందుకు అని చెప్పేదాన్ని" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఇంటికెళ్లి పాత సంచికలన్నీ ముందేసుకుని చూసుకుంటే, నేను నెలనెలా అయిపోయిన పెళ్లికి బాజాలు వాయిస్తున్నానని అర్థమైంది. ఆ పార్కులో ఇప్పటికీ నీడ లేదు.

కాబట్టి బావా, జరిగిపోయినదానికి నాలుగు లైన్లు చాలు. జరగబోయేదానికి మూడు పేజీలు ఇవ్వు.

జరగబోయేది ఎక్కడ దొరుకుతుంది అంటావు. నగర కౌన్సిల్ సమావేశాల అజెండాలో, అంటే అక్కడ చర్చకొచ్చే అంశాల జాబితాలో. చదువుతుంటే నిద్ర ముంచుకొస్తుంది, ఆ మాట ముందే చెప్తున్నా. అంశం నంబరు, తీర్మానం నంబరు, "పరిశీలించి ఆమోదించుటకు" అనే తోక. అయినా నగరంలో వచ్చే ఆరు నెలల్లో ఏం జరగబోతోందో అందులోనే ఉంటుంది. చాలా కౌన్సిళ్లలో ఒక పద్ధతి ఉంది: గొడవ ఉండదనుకున్న అంశాలన్నీ ఒక గుంపుగా కట్టి, చర్చ లేకుండా ఒక్క ఓటుతో ఆమోదిస్తారు. అసలు సరుకు తరచూ ఆ మూటలోనే ఉంటుంది. ఎవరైనా ఒక సభ్యుడు అడిగితే ఒక అంశాన్ని మూటలోంచి బయటికి తీసి విడిగా చర్చిస్తారు. అడగాలంటే ముందు అది అక్కడుందని తెలియాలి కదా.

ఒక్కో చోట ఒక్కో గడువు ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా వాళ్లకి 1953లో వచ్చిన బ్రౌన్ చట్టం ఉంది. దాని ప్రకారం మామూలు సమావేశానికి కనీసం 72 గంటల ముందు అజెండా జనానికి కనిపించేలా పెట్టాలి. కొన్ని మినహాయింపులు తప్ప, అందులో లేని విషయం మీద ఆ రోజు నిర్ణయం తీసుకోకూడదు. మీ దగ్గర గడువు ఎంతో ఆఫీసులో కనుక్కో. పత్రిక అచ్చుకి వెళ్లే తేదీని దానికి తగ్గట్టు జరుపుకో. నేను నెల మొదటి తారీఖున పత్రిక తెచ్చేవాణ్ని. మా కౌన్సిల్ కూర్చునేది నెల చివర్లో. అంటే అజెండా బయటికొచ్చేసరికి నా పత్రిక పాతబడి ఉండేది! ఆ చిన్న సంగతి తట్టడానికి నాకు ఏడాది పట్టింది.

ఒకసారి ఆ మూటలో పదిహేడో అంశంగా ఒకే ఒక్క లైను కనిపించింది. బస్ స్టాపు "హేతుబద్ధీకరణ" అట. మన భాషలో చెప్పాలంటే, మా వీధి మొదట్లో ఉన్న స్టాపు ఎత్తేసి పెద్ద రోడ్డు అవతల పెడతారు. నేను దాన్ని సగం పేజీలో పెద్ద అక్షరాలతో వేశాను. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ హాలు, మాట్లాడాలంటే పేరు ఎక్కడ రాయించుకోవాలి, అంతే. నా అభిప్రాయం ఒక్క ముక్క రాయలేదు. పదకొండు మంది వచ్చారు. మనిషికి రెండు నిమిషాలు ఇస్తామన్నారు. మనవాళ్లు తెలివైనవాళ్లు, వరండాలోనే పంచుకున్నారు: ఒకరు కర్రతో నడిచేవాళ్ల గురించి, ఒకరు బడి పిల్లల గురించి, ఒకరు రాత్రి డ్యూటీ దిగి వచ్చే ఆడవాళ్ల గురించి. అందరూ ఒకే మాట పదకొండు సార్లు చెప్పుంటే సభ్యులు ఫోన్లు చూసుకునేవాళ్లు. స్టాపు ఉన్నచోటే ఉండిపోలేదులే, నీకు అబద్ధం చెప్పను. జరిపారు. కానీ రోడ్డు దాటించలేదు, ఇవతలి పక్కనే కొంచెం ముందుకి జరిపి ఆపేశారు. ఆ రోజు నుంచి నా పత్రిక అలమర అడుక్కి వెళ్లడం తగ్గింది.

అదే సమావేశంలో ఇంకో తమాషా చూశాను. పార్కు బెంచీలకి ఏ రంగు వేయాలన్నదాని మీద నలభై నిమిషాలు వాదించుకున్నారు. మురుగు పైపుల కాంట్రాక్టు రెండు నిమిషాల్లో అయిపోయింది. రంగు గురించి అందరికీ అభిప్రాయం ఉంటుంది, భూమిలో ఉన్న పైపు ఎవరికి కనిపిస్తుంది! నువ్వు పైపు గురించి రాయి.

బడ్జెట్ కూడా అలాంటిదే. కొత్తగా కట్టేవాటికి ఎంత, ఉన్నవాటిని బాగుచేయడానికి ఎంత, ఆ రెండు లెక్కలు పక్కపక్కన వేసి చూపించు. కొత్తదానికి రిబ్బను ఉంటుంది, మరమ్మతుకి ఉండదు. అందుకే డబ్బు చాలకపోతే మొదటి కోత మరమ్మతుల మీదే పడుతుంది. ఇంకో మాట, బడ్జెట్ ఓటింగు రోజున వెళ్లి గొంతు చించుకుంటే లాభం లేదు. అంకెలు దాదాపు ఖాయమయ్యాకే అది సభకి వస్తుంది. శాఖలు తమ కోరికల చిట్టా రాసుకునేది అంతకు కొన్ని నెలల ముందు. నీ పత్రికలో బడ్జెట్ వార్త రావాల్సింది అప్పుడు.

బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె అనే నగరం ఉంది. 1989లో అక్కడ వీధివీధినా సమావేశాలు పెట్టి, నగర బడ్జెట్‌లో కొత్త పనులకి పెట్టే డబ్బు దేనికి ఖర్చు చేయాలో జనాన్నే వరస పెట్టమన్నారు. జనం ముందుగా అడిగింది విగ్రహాలు కాదు, రోడ్లూ మురుగు కాలువలూ. తర్వాత ఆ పద్ధతిని లోకంలో ఎన్నో నగరాలు ఎత్తుకున్నాయి. విచిత్రం ఏమిటంటే, మొదలుపెట్టిన ఆ ఊళ్లోనే 2017లో ఆపేశారు. ఇది నేను పత్రికలో వేస్తే ఒకాయన "మనకెందుకండీ బ్రెజిల్ గొడవ" అన్నాడు. మరుసటి నెల ఆయనే వచ్చి మన వార్డు చిట్టా ఎవరు రాస్తారు అని అడిగాడు.

నా పత్రికలో అందరూ ముందు తిప్పి చూసేది మాత్రం వీటిలో ఏదీ కాదు. చివరి పేజీలో "ఏమైంది?" అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. వీధి దీపం ఫిర్యాదు, ఇచ్చిన తేదీ, నంబరు, ఇప్పటికి ఎన్ని రోజులు. అంతే. తిట్లు ఉండవు, ఆశ్చర్యార్థకాలు ఉండవు. బాగుచేస్తే "అయింది" అని వేస్తాం. ఒక దీపం ఏడు నెలల పాటు ఆ పెట్టెలో కాపురం చేసింది. అది వెలిగిన నెల జనం నాకు అభినందనలు చెప్పారు, నేనేదో స్తంభం ఎక్కినట్టు! అమెరికాలో బాల్టిమోర్ నగరం 1996లో ఇలాంటి ఫోన్లకి 311 అనే నంబరు పెట్టింది, అత్యవసరం కానివాటితో అత్యవసర నంబరు 911 నిండిపోతోందని. తర్వాత చాలా నగరాలు ఆ దారి పట్టాయి. నంబరు ఏదైనా, ఫిర్యాదు ఇచ్చినవాడు దాన్ని గుర్తుపెట్టుకున్నంత కాలమే అది బతికుంటుంది. ఆ గుర్తుపెట్టుకునే పని మన పెట్టె చేస్తుంది.

ఇప్పుడు నా సిగ్గుమాలిన కథ ఒకటి. ఒక నెల సమావేశం తేదీ తప్పు వేశాను. పద్నాలుగు మంది పని మానుకుని వెళ్తే హాలుకి తాళం. అందులో మెట్ల మీద నన్ను ఆపిన పెద్దావిడ కూడా ఉన్నారు. సాయంత్రం ఆ పద్నాలుగు ఇళ్లకీ వెళ్లి తలుపు కొట్టి క్షమాపణ చెప్పుకున్నాను. నలుగురు కసిరారు. మిగతావాళ్లు కూర్చోబెట్టి కబుర్లు చెప్పారు. నమ్మవు గానీ, తర్వాతి సంచికకి సరిపడా వార్తలు నాకు ఆ సాయంత్రమే దొరికాయి. ఎవరింటి ముందు నీళ్లు నిలుస్తున్నాయో, ఎవరు ఒంటరిగా ఉంటున్నారో, ఎవరికి కుట్టుమిషన్ బాగుచేయడం వచ్చో.

అక్కణ్నుంచే మా కాలనీ కార్యక్రమాల రూపం మారింది. అంతకుముందు కార్యక్రమం అంటే వేదిక, మైకు, వరస కుర్చీలు. వచ్చినవాళ్లు ఒకరి వీపు ఒకరు చూసి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు చేతికి పని ఉండేవే పెడుతున్నాం. మరమ్మతు రోజు అన్నిటికంటే బాగా కుదిరింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినె పోస్ట్‌మా అనే ఆవిడ 2009లో మొదలుపెట్టిన ఆలోచన అది. పాడైన వస్తువు తెచ్చుకో, బాగుచేయడం తెలిసిన పొరుగువాడి పక్కన కూర్చో, ఇద్దరూ కలిసి విప్పండి. మా దగ్గర మొదటిసారి సగం వస్తువులు బాగవలేదు. ఒక రేడియో అయితే విప్పాక మళ్లీ ఒక్కచోటికి రాలేదు. అయినా ఎవరూ ఇళ్లకి పోలేదు, దీపాలు పెట్టే వేళ దాటినా కూర్చున్నారు.

వీధి మూసి పిల్లలకి వదిలేయడం కూడా చేశాం. ఇంగ్లండులో బ్రిస్టల్‌లో 2009లో ఇద్దరు తల్లులు తమ వీధిలో కొన్ని గంటలు బళ్లు ఆపించి మొదలుపెట్టారు. కొలంబియా రాజధాని బొగొటాలో అయితే ఇలాంటిది 1974 నుంచి ఉంది. ఆదివారాలూ సెలవు రోజులూ ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకి పైగా రోడ్లు సైకిళ్లకీ నడిచేవాళ్లకీ వదిలేస్తారు. మనది ఒక్క వీధి, మూడు గంటలు. దానికే నాలుగు అనుమతులు కావాల్సి వచ్చాయి. రెండు నెలల ముందు నుంచే తిరుగు, లేకపోతే ముందు రోజు రాత్రి నిద్ర ఉండదు.

ఇవన్నీ సరదాకేనా అని మీ కమిటీలో ఎవరో అడుగుతారు. మా దగ్గర అడిగారు. అప్పుడు నేను షికాగో సంగతి చెప్పాను. 1995 జూలైలో అక్కడ వారం రోజుల వడగాడ్పులకి మామూలు కంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ పక్కపక్క పేటలు. రెండిటిలోనూ పేదవాళ్లు, ఒంటరి వృద్ధులు ఎక్కువే. ఎండ ఒకటే. అయినా మొదటిదాంట్లో మరణాల రేటు రెండోదానికి పది రెట్లు. నార్త్‌లో దుకాణాలు మూతపడి, ఇళ్లు ఖాళీ అయి, ముసలివాళ్లు గడప దాటడానికి భయపడే పరిస్థితి. సౌత్‌లో వీధి ఎప్పుడూ జనంతో కళకళలాడేది, ముసలివాళ్లు చల్లదనం వెతుక్కుంటూ బయటికి రాగలిగారు.

పారిస్‌లో కూడా ఇలాంటి చేదు నుంచే పొరుగువాళ్ల పండగ పుట్టింది. 17వ డివిజన్‌లో అటనాస్ పెరిఫాన్ అనే స్థానిక ప్రజాప్రతినిధి ఉన్న భవనంలో ఒక ముసలావిడ చనిపోతే నెలల తరబడి ఎవరికీ తెలియలేదు. 1999లో ఆయన మొదలుపెట్టిన పండగ తర్వాత చాలా దేశాలకి పాకింది. ఈ రెండు సంగతులు చెప్పాక మా కమిటీలో ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు.

ఎన్నికల ముందు మాత్రం జాగ్రత్త. అందరికీ ఒక్కసారిగా నీ పత్రిక మీద ప్రేమ పుడుతుంది. ఫోటోలొస్తాయి, అచ్చు ఖర్చు మేమిస్తాం అంటారు. మేం ఒక నియమం పెట్టుకున్నాం: ఆ రెండు నెలలు మనుషుల ఫోటోలే వేయం. చెట్లవి, గుంతలవి వేస్తాం.

మొదటి సంచిక అచ్చుకి ఇచ్చేముందు నాకు పంపు. తప్పులు పట్టడంలో నాకు ఇప్పుడు మంచి చెయ్యి, ఎన్ని చేశానని.

ఇట్లు
నీ బావ

తా.క.: తేదీ పక్కన వారం పేరు కూడా తప్పకుండా రాయి. రెండూ కలవకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. పద్నాలుగు ఇళ్ల మెట్లు ఎక్కే పని తప్పుతుంది.